తాతమ్మ పాట రెండో టేపు

కోటబొమ్మాళి దాటి సముద్రం వైపు పోతే, ఉప్పుమళ్ల మధ్య ఉప్పు నిలవచేసే ఒక పాత కొటారు ఉండేది. ఉప్పుకుప్ప విరిగిపడి ముగ్గురు కూలీలు దాని కిందే పోయారట. అప్పట్నుంచీ పొద్దుగూకితే ఆ దారిన బండి తోలేవాడు లేడు.

అరవై ఎనిమిదిలో, వానలు వెనకబట్టాక, నారాయణమూర్తి మాస్టారు చీకటిపడ్డాక అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. తెల్లారితే కొటారు పడగొట్టేస్తారని ఆ సాయంత్రమే కబురందింది మరి.

ఆయనకు పల్లెపాటలు టేపులకెక్కించే పిచ్చి. రెండేళ్ల కిందట ఆ కొటారు గదిలోనే మకాం పెట్టి, జాలార్ల వాడలోని తాతమ్మ అనే ముసలామె చేత ఒక పాట పాడించాడు. సముద్రంలో పోయినవాళ్ల కోసం పాడేది. మొత్తం వచ్చినది ఆవిడొక్కత్తికే. అసలు టేపు వెంట పట్టుకెళ్లి, నకలు తీసిన టేపును మరో రెండు టేపులతో పాటు ఆ గదిలోనే రేకుపెట్టెలో దాచాడు.

తర్వాత తాతమ్మ పోయింది. ఆ తర్వాత ఒకరోజు మాస్టారే, చూసుకోక, అసలు టేపు మీద ఏదో సభ ఉపన్యాసాలు ఎక్కించేశాడు...

ఇక మిగిలింది ఆ నకలే.

తాతమ్మ కూతురు కూర్మమ్మ లాంతరు పట్టుకుని తోడొచ్చింది.

“మాయమ్మ గొంతు రెండు సోట్ల దాసినానన్నారు కద బాబూ,” అంది దారిలో. “ఒకటి పోతే ఏటి? ఇంకోటి ఉంటాది.”

ఆయన నడక వేగం పెంచాడు.

కొటారు గదిలో రేకుపెట్టె తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రాయి పెట్టి కొడితే తెరుచుకుంది. లోపల మూడు టేపులు... పైన అంటించిన చీటీలు ఉప్పుగాలికి ఊడిపోయాయి. ఏది ఏదో తెలీదు.

వెంట తెచ్చిన బ్యాటరీ టేపు మిషను మీద మొదటిది పెట్టాడు. గరగర. రెండోదీ అంతే.

మూడోది తిరుగుతుంటే దాని మీంచి గోధుమరంగు పూత పొడిగా రాలుతోంది. రాలేది పాటేనని ఆయనకు తెలుసు. అయినా ఆపలేకపోయాడు, ఎందుకంటే —

“ఏ అల మీదున్నావురా... నా కొడకా...”

తాతమ్మ.

కూర్మమ్మ లాంతరు కింద పెట్టేసింది. రెండు చరణాలు వచ్చాయి. అంతలో టేపు పుటుక్కున తెగింది. చక్రం ఊరికే తిరుగుతోంది.

పాట ఆగలేదు.

మాస్టారు చప్పున కూర్మమ్మ వైపు చూశాడు. ఆమె రెండు చేతులతో నోరు నొక్కుకుని ఉంది. పాట గది మూల నుంచి వస్తోంది... మూడో చరణం... నాలుగోది...

గబగబా కొత్త టేపు ఎక్కించి రికార్డు మీట నొక్కాడు. ఆ గొంతు చివరి చరణం దాకా అంతా పాడింది. ఆ తర్వాత గదిలో అలల హోరు తప్ప ఏమీ లేదు.

“దొరికింది,” అన్నాడు గుసగుసగా.

టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. పాట లేదు. ఒక్క మాటా లేదు. చాలాసేపు చూసి, ఆపబోయాడు.

“ఆపకండి బాబూ...” కూర్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “ఇనండి. పాటెత్తే ముందు మాయమ్మ ఇలాగే ఊపిరి పీల్సేది.”

చెవి దగ్గరగా పెట్టాడు. నిజమే... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

టేపు అయిపోయేదాకా విన్నారు ఇద్దరూ. లోపలికి పీల్చడమే... ఒక్కసారీ బయటికి వదల్లేదు.