పెంటయ్య హాజర్

సిరిసిల్లల పట్టపగలు చీకటి చేయాల్నంటె పెద్ద పనేం కాదు. బట్టనేసే సాంచాల షెడ్డు, మూతపడ్డది ఒకటి సూసుకోవాలె. కిటికీలకు నల్లబట్ట కొట్టాలె. తలుపు గుంజి గొళ్లెం వెట్టాలె. బయట ఎండ మాడుతున్నా సరే, లోపల మన చెయ్యి మనకు కనవడది.

ఆ టీవీవోళ్లు గదే చేసిర్రు. వాళ్లది కోర్టు సీరియల్. నల్లకోట్లు ఏసుకొని అరుసుకునుడు, బోనుల ఒక ఆడమనిషి సొమ్మసిల్లి పడుడు, పక్కకెళ్లి ఢమఢమ మ్యూజిక్కు. చూసెటోళ్లు తగ్గిపోతున్నరని ఛానలోళ్లు గడ్డి పెడుతుంటె డైరెక్టర్ కుమార్ పిచ్చిలేసినట్టు తిరిగిండు. "నిజమైన కేసు కావాలయ్యా నాకు! ఏడుపు నిజంగా ఉండాలి!" అని రైటర్ల మీద ఎగిరిండు. మిగిలిన రైటర్లు తలకాయలు కిందికేసుకున్నరు. మనోహర్ అనే రైటర్ చెయ్యెత్తిండు. సొంత అక్క బతుకును తీస్కపోయి ఆయన ముందట పెట్టిండు, సిగ్గులేనోడు.

మనోహర్ పుట్టింది సిరిసిల్లలనే, పద్మశాలోళ్ల ఇంట్ల, ఇంటిపేరు కుసుమ. ఆయనక్క మాధవి. బావ వెల్దండి పెంటయ్య ఇదే షెడ్డుల సాంచాలు నడిపెటోడు. నూలు ధర పెరిగి పిరమైంది, బట్ట కొనెటోడు లేడు, వాడకట్టుల ఒకని ఎన్క ఒకడు ఉరివెట్టుకుంటున్న రోజులవి. ఒక్కొక్క సాంచ తుక్కు కింద పోయింది. సగం వాడ పని కొరకు బొంబాయి దిక్కు బీవండి పోయింది. పెంటయ్య దుబాయి పోయిండు. మొదట్ల ఫోన్లు అచ్చినయి. కంపెనీల కెళ్లి పారిపోయి దొంగచాటుగ పని చేస్తున్నడని ఒకలన్నరు, జైల్ల ఉన్నడని ఇంకొకలన్నరు. ఆ తర్వాత ఏడేండ్ల సంది ఏ కబురూ లేదు. మాధవి బొట్టు తీయలే, మట్టెలు తీయలే, ఫోన్ నంబరు మార్చలే. పెనిమిటి నడిపిన ఆఖరి సాంచను ఎంతమందడిగినా అమ్మలే.

ఏడేండ్లు కబురు లేకపోతె మనిషి సచ్చినట్టే లెక్క కట్టొచ్చని చట్టముంది. మనోహర్‌కు గా ముక్క దొరికింది, దాని మీద కథ అల్లిండు. భర్త పరాయి దేశంల తప్పిపోయిండు. షెడ్డు మీద కన్నేసిన మరుదులు కోర్టుకెక్కిండ్రు. బంట్రోతు బయటికచ్చి మూడుసార్లు పేరు పిలుస్తడు, ఎవ్వడు రాడు. సచ్చిండని జడ్జి తీర్పు చెప్తడు. ఆడిది బోనుల నిలవడి బొట్టు తుడుసుకుంటది. కథ ఇని కుమార్ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు, సంతోషం పట్టలేక.

షెడ్డు అడగనీకి అచ్చిన తమ్మునికి మాధవి అన్నం పెట్టింది.

"కథ రాసుకో తమ్మీ. షెడ్డు గూడ తీసుకో. ఆయన పేరు మాత్రం ముట్టకు" అన్నది.

"పేరుల ఏమున్నదక్కా?"

"నీకు తెల్వదా? మా అత్తకు ముందుగాల్ల పుట్టినోళ్లు ఇద్దరు పురిట్లనే పోయిర్రు. ఈయన పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టింది. పక్కింటామె ఎత్తుకుంటె, చాటెడు తవుడు ఇచ్చి మళ్ల కొనుక్కచ్చుకున్నది. పెంటయ్య అని పేరువెట్టింది. పారేసిన పిలగాడని యముడు అటు దిక్కు సూడలే. గా పేరు చాటుకే బతికిండు నా మొగడు. గా పేరును కోర్టుల పిలిచి, సచ్చిండని చెప్పకుర్రి. నీ కాల్మొక్కుత."

మనోహర్ అక్క చేతుల చెయ్యేసి ఒట్టువెట్టిండు. స్క్రిప్టుల సుధాకర్ అని రాసిండు.

షూటింగు రోజు అచ్చింది. జడ్జి బల్ల, బోను, కుర్చీలు అన్నీ హైదరాబాద్ కెళ్లి లారీల దిగినయి. జడ్జి కుర్చెనక నల్లపరదా కట్టిర్రు. ఆ పరదా ఎనకనే పెంటయ్య సాంచ ఉంది, కరెంటు తీగ ఎప్పుడో పీకేసింది. ఎన్ని లైట్లు పెట్టినా షెడ్డుల మూలలు మూలల్లెక్కనే ఉన్నయి, నల్లగ. పాత నూనె కంపు, నూలు దుమ్ము. ఊపిరి తీస్తె గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు ఉండె. లైట్లు పట్టెటోళ్లు గూడ ఆ పరదా దిక్కు పోవద్దని ఊకె చుట్టు తిరిగి పోతుండ్రి.

సౌండు పట్టెటాయన పేరు హన్మంతు. "ఫోన్లన్నీ బంద్ చేసి డబ్బాల ఎయ్యిర్రి" అన్నడు. మనోహర్ బయటికి పోయి, టీ కాస్తున్న అక్క ఫోన్ గూడ అడిగిండు.

"నేను ఎన్నడూ బంద్ చెయ్యలే తమ్మీ" అన్నది మాధవి.

"పగటి మందమే, షూటింగు అయ్యేదాక. ఏంగాదు తీయి" అన్నడు మనోహర్. ఆమె చేతులకెళ్లి తీసుకొని ఆయనే బంద్ చేసిండు.

బంట్రోతు వేషం ఊరోడే ఆగయ్యకు ఇచ్చిర్రు. బాగోతాలు ఆడిన గొంతు ఆయనది, పిలిస్తె పక్కూరికి ఇనవడ్తది. గని "సుధాకర్" అంటె ఆ గొంతు లేస్తలేదు.

కుమార్ తల పట్టుకున్నడు. "ఏంటయ్యా ఆ పేరు? బ్యాంకులో టోకెన్ పిలిచినట్టుంది! మట్టివాసన ఉన్న పేరే లేదా మీ ఊళ్లో?"

ఎవ్వడన్నా మనోహర్ గొంతు మీద కత్తి పెట్టిండా? పెట్టలే. డైరెక్టర్ తోని శెభాష్ అనిపించుకోవాల్నని నాలిక దురద పెట్టింది.

"పెంటయ్య" అన్నడు. ఇంటిపేరు అడిగితె అది గూడ చెప్పిండు.

కుమార్ తొడ చరిచిండు. "అబ్బ! పేరంటే ఇదీ! టేక్!"

"వెల్దండి పెంటయ్యా… హాజర్…!"

ఆగయ్య గొంతు రేకుల కప్పును తాకి తిరిగచ్చింది. మూడుసార్లు పిలిచిండు. కుమార్‌కు సాలలే. మళ్ల పిలువుమన్నడు. కెమెర అటు పెట్టి ఒకసారి, ఇటు పెట్టి ఒకసారి. పిలిచీ పిలిచీ ఆగయ్య చొక్కా తడిసిపోయింది. "సారూ, ఎవరో ఉరుకుతున్నట్టు అనిపిస్తున్నది నాకు" అని మెల్లగ అన్నడు. ఎవ్వరూ పట్టించుకోలే.

అప్పుడు హన్మంతు చెయ్యెత్తిండు. "గది సప్పుడు తీసుకోవాలె. అందరు ఉన్న కాడనే ఉండుర్రి. లైట్లు గూడ బంద్ చెయ్యిర్రి, గుయ్యిమంటున్నయి."

ఏ గది మౌనం ఆ గదికే ఉంటదట. దాన్ని ఉట్టిగ రికార్డు చేసుకొని పోయి మాటల కింద అతికిస్తరట. వాళ్ల పని గట్ల.

లైట్లు ఆరిపోయినయి.

చీకటి. ఎవ్వరూ కదుల్తలేరు. ఎవ్వరూ దగ్గుతలేరు. నూనె కంపు… దాని కిందికెళ్లి ఇంకో వాసన. డీజిలు. శానా దూరం బస్సుల కూసున్న మనిషి చెమట వాసన. మనోహర్‌కు ముక్కుపుటాలు అదిరినయి. తలుపు మూసే ఉంది గదా… ఈ వాసన ఏడికెళ్లి?

చీకట్ల ఒక చెయ్యి ఆయన మణికట్టు పట్టుకున్నది. చల్లటి చెయ్యి. అరువబోయిండు. హన్మంతుదే. ఆ చెయ్యి మెల్లగ మనోహర్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలిచ్చింది.

ముందుగాల్ల ఏం ఇనవడలే. తర్వాత… ఏడనో దూరంగ… బస్సు హారన్. "పల్లీలో… పల్లీలు…" అని ఎవరో. జనం సప్పుడు. ఆ సప్పుడు ముందట, మైకుకు నోరు ఆనిచ్చినట్టు, ఒక మనిషి రొప్పు.

"అచ్చిన…"

మనోహర్ హెడ్‌ఫోన్‌ను చెవులకు గట్టిగ ఒత్తుకున్నడు.

"అచ్చిన… ఆగుర్రి…"

బావ గొంతు. సాంచాల సప్పుడుల మాట్లాడి మాట్లాడి బొంగురువోయిన గొంతు. ఆ గొంతును ఆయన మరిచిపోతడా?

లైట్లు ఎలిగినయి. హన్మంతు ముఖంల నెత్తురు చుక్క లేదు. "మైకు ముందట ఎవ్వలు లేరన్నా" అని గుసగుసలాడిండు.

"బయటి సప్పుడు. తుడిపెయ్" అన్నడు మనోహర్.

ఎన్కకు తిరిగితె తలుపు కాడ మాధవి. చేతుల టీ కేటిలు. ఆగయ్య పిలుపు ఊరంతా ఇన్నది, ఆమె ఇనదా? తిట్టలే, ఏడువలే. దగ్గరికచ్చి శాన మెల్లగ అడిగింది.

"ఎవరన్న పలికిండ్రా తమ్మీ?"

"…లేదక్కా."

"నిజం చెప్పు. పలికితె తొవ్వల ఉన్నట్టు. బతికి ఉన్నట్టు. తీర్పు ఆపుమను. ఒక్క వాయిద ఎయ్యుమను. రాసెటోనివి నువ్వే గదా, ఒక్క ముక్క రాయి."

ఒక్క ముక్కనే. కేసు వాయిదా పడ్డదని రాస్తె అయిపోతుండె. గని జడ్జి వేషగాడు సాయంత్రమే హైదరాబాద్ పోవాలె, మళ్ల నెలదాక దొరకడు. కుమార్ అవతల చిటికెలేస్తున్నడు.

"ఉత్త సీరియలక్కా ఇది" అన్నడు మనోహర్. "ఎవ్వరూ పలుకలే."

మాధవి ఆయన కండ్లల్లకు సూసింది. కేటిలు కింద పెట్టి బయటికి పోయింది.

తీర్పు టేక్ మొదలైంది. మన కోర్టులల్ల జడ్జి చేతిల సుత్తె ఏడుంటది? సీరియల్ జడ్జికి మాత్రం ఉంటది. "వెల్దండి పెంటయ్య మరణించినట్టుగా ఈ న్యాయస్థానం ప్రకటిస్తున్నది" అని సుత్తె ఎత్తి కొట్టిండు.

టక్.

పరదా ఎనక… టక్.

ఒక్క నిమిషం ఎవ్వరికి సమజ్ కాలే. మళ్ల… టక్. టక్… టక్… నూలు మోసే నాడె ఇటుకెళ్లి అటు, అటుకెళ్లి ఇటు. సాంచ నడుస్తున్నది. తీగ లేని సాంచ. నల్లపరదా ఊపిరి తీసినట్టు ముందుకు ఉబ్బింది, ఎన్కకు పోయింది. హన్మంతు చెవులకెళ్లి హెడ్‌ఫోన్ పీకి అవతల పారేసిండు. సప్పుడు నిదానమైంది… ఇంకా నిదానమైంది… ఆగిపోయింది.

"సూపర్! ఆ ఎఫెక్ట్ ఎవరిచ్చారు?" అన్నడు కుమార్.

మనోహర్ వంగి హెడ్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నడు. ఎందుకు పెట్టుకున్నడో ఆయనకే తెల్వది. బస్సులు లేవు, జనం లేరు. ఉత్త గాలి. ఆ గాలిల…

"దగ్గరికే అచ్చిన గదా… బామ్మర్దీ…"

బయట మాధవి డబ్బాలకెళ్లి బంద్ ఉన్న ఫోన్ తీసుకొని మళ్ల చాలు చేసింది. చాలు చేసుడే ఆలిస్యం, మోగింది. మనోహర్ ఉరికచ్చేటాలకు ఆమె స్పీకర్ పెట్టి నిలవడ్డది.

"అవ్వా, కోరుట్ల బస్టాండుల కెళ్లి మాట్లాడుతున్న. పల్లీలు అమ్ముత. బొంబాయి బస్సు దిగి ఒకాయన సిరిసిల్ల బస్సు కొరకు కూసున్నడు. పొద్దుగాల్ల మంచిగనే ఉండె. ఈ నంబరు నాతోని కొట్టిచ్చుకున్నడు. ఎన్నిసార్లు కొట్టినా నీ ఫోన్ బంద్ అచ్చె. తర్వాత ఊకె చెవులు పెట్టి ఇనవట్టిండు. నన్ను పిలుస్తున్నరు అన్నడు. అచ్చిన, ఆగుర్రి అని లేచి ఉరకవోయిండు… గిప్పుడే అవ్వా. ఎవరో కొట్టినట్టు ఉలిక్కివడ్డడు. పక్కకు ఒరిగిండు. మళ్ల లేవలే."

ఏడేండ్ల సంది ఆ ఫోన్ బంద్ కాలే. ఒక్క పూటనే అయింది.

పొద్దు గుంకక ముందే బండి అచ్చింది. కథలాపూర్, రుద్రంగి, వేములాడ మీదికెళ్లి తెచ్చిర్రు. సచ్చిన పెంటయ్యను ఆయన షెడ్డు ముందటనే దించిర్రు. టీవీవోళ్లు బల్లలు, బోను లారీకెక్కించుకొని పోతానికి ఉరుకులాడుతున్నరు. షెడ్డు ఖాళీ అయింది. పరదా ఒక్కటి మిగిలింది, దాన్ని ఇప్పనీకి ఎవ్వడూ లోపలికి పోలే. మనోహర్ గోడ కాడ నిలవడ్డడు. పక్కకే ఆగయ్య, చేతులు కట్టుకొని, తల వంచుకొని.

"కుసుమ మనోహరా… హాజర్…!"

షెడ్డులకెళ్లి. ఆగయ్య గొంతే. అదే రాగం. మనోహర్ తల తిప్పి సూసిండు. ఆగయ్య పక్కకే ఉన్నడు. నోరు మూసుకొనే ఉన్నడు. పెదవి గూడ కదుల్తలేదు.

"కుసుమ మనోహరా… హాజర్…!"

వాడకట్టోళ్లు ఎవ్వరూ అటు సూడలే, ఎవ్వరికీ ఇనవడలే. మాధవికి ఇనవడ్డది. పెనిమిటి మీదికెళ్లి లేచి, తొవ్వ ఇయ్యుమన్నట్టు అందరి నడుమకెళ్లి నడుచుకుంట తమ్ముని దగ్గరికచ్చింది. మొఖాన బొట్టు అట్లనే ఉంది.

"మీ బావ రెండే పిలిచిండు గదా తమ్మీ" అని చెవుల అన్నది. "మూడోది నన్ను పిలువుమన్నడు."

ఇంతవరకు ఆమె ఆ మూడోది పిలువలే. ఆ ఎపిసోడు టీవీల అచ్చింది, మనోహర్‌కు పేరచ్చింది, సీరియల్ మళ్ల లేచింది. రోజు సాయంత్రం, సరిగ్గ అది మొదలయ్యే యాళ్లకు, ఆయన ఫోన్ మోగుతది. అక్క నంబరు. బంద్ చేసుకుందామంటె ఆయన ఫోన్ బంద్ అయితలేదు. ఎత్తుతడు. అవతల కరెంటు తీగ లేని సాంచ నడుస్తున్న సప్పుడు… టక్… టక్… ఆ ఎన్క, ఆమె పిలువనీకి నోరు తెరిచి ఊపిరి పీల్చుకున్న సప్పుడు.