అభిరుచి దర్పణం

విశాఖ ఒడ్డున సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టున్న ఆ ఆకాశహర్మ్యంలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవే. గోడల రంగు దగ్గర్నించి మంచం ఎత్తు దాకా అన్నీ నగర మండలి నిర్ణయించినవే. నీళ్ళకూ కరెంటుకూ కటకటలాడిన దశాబ్దాల తర్వాత జనం ఆ పద్ధతికి అలవాటుపడిపోయారు. మనిషికి తనదంటూ మిగిలింది బాల్కనీ ఒక్కటే. ఇప్పుడు దానికీ ఎసరొచ్చింది. బాల్కనీలు మూసేసి, గాలిలోని తేమను నీరుగా పట్టే పలకలు బిగిద్దామని మండలిలో కొందరు పట్టుబడుతున్నారు.

వాళ్ళను ఆపగలిగేది తన యంత్రమేనని డాక్టర్ మృణాళిని నమ్మకం.

దాని పేరు అభిరుచి దర్పణం. బాల్కనీ నేలనూ గోడలనూ ఇసుకకన్నా సన్నని మలుపురేణువులు కప్పి ఉంటాయి. చెవి వెనక అంటించుకున్న న్యూరల్ సెన్సర్, మనసు దేన్ని ఇష్టపడుతుందో పసిగట్టి రేణువులకు చేరవేస్తుంది. అవి కుర్చీగానో పూలతీగగానో రూపు కడతాయి. నోరు తెరిచి అడగక్కర్లేదు. ఏ ఇద్దరి బాల్కనీలూ ఒక్కలా ఉండవని మృణాళిని మండలికి మాటిచ్చింది. అది నిజమైతే వాటి జోలికి రామని మండలి ఒప్పుకుంది. అదేదో చూద్దామని మర్నాడు ఒక కమిటీ ఆమె ఇంటికే వస్తోంది.

"మళ్ళీ అదే" అంది మృణాళిని పళ్ళు బిగించి.

పొద్దున్నించి రేణువులు కడుతున్నది ఒకటే రూపం. తెల్ల వెదురు ఊయల, రాగి గంటల తోరణం, గోడ నిండా ఊదాపూల తీగ. అచ్చం పక్కింటి హంసవేణిగారి బాల్కనీ. ఆవిడ సంగీతం టీచరు. ప్రయోగం కోసం రెండో దర్పణాన్ని తన ఇంట్లో పెట్టించుకున్నదీ ఆవిడే.

"సెన్సర్ మార్చాం. ప్రోగ్రామ్ మొదట్నించీ ఎక్కించాం. యంత్రంలో లోపం లేదండీ" అన్నాడు సహ పరిశోధకుడు దానియేలు.

"అయితే లోపం నాలో ఉందంటారా?"

దానియేలు వైర్లు చుట్టసాగాడు. ఆమె యంత్రాన్నే నిలదీసింది.

"నాకు వెదురంటే పడదు. గంటల మోత వింటే తలనొప్పి. ఇవెందుకు కడుతున్నావు?"

"మీకు వెదురు ఇష్టం లేదు. పక్కింట్లో ఉన్న వెదురు ఇష్టం" అంది దర్పణం గోడలోని స్పీకర్లోంచి నెమ్మదిగా. "రోజూ కాఫీ తాగుతూ అటే చూస్తారు. మీ సంకేతం అన్నిటికన్నా బలంగా ఉండేది అప్పుడే."

మృణాళినికి ఒళ్ళు మండిపోయింది. "ఇతరుల దగ్గర చూసి ఇష్టపడ్డవన్నీ తీసెయ్. మిగిలిందేదో అది కట్టు."

ఊయల కరిగిపోయింది. గంటలు, పూలు రాలిపోయాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత మెల్లగా ఒక సిమెంటు నేల పరుచుకుంది. బట్టలారేసే తీగ, సగానికి కోసిన నీలం డ్రమ్ములో కరివేపాకు మొక్క, పక్కన చెక్కపీట. పోర్టు క్వార్టర్సులో ఆమె చిన్నప్పటి ఇంటి వెనక వసారా అది. తడి బట్టల నీడలో కూర్చుని ఆమె లెక్కలు చేసుకున్న చోటు. కాళ్ళు వాటంతటవే పీట వైపు నడిచాయి. అంతలోనే ఆగిపోయింది.

"బాగుందండీ. ఇది మీదే" అన్నాడు దానియేలు.

"ఇన్నేళ్ళు పరిశోధన చేసి కరివేపాకు డ్రమ్ము చూపించిందని రేపు నవ్వరూ?"

పిట్టగోడ మీంచి హంసవేణి తొంగిచూసింది. "ఏటమ్మా మృణాళినీ, ఎంత హాయిగా ఉందో నీ బాల్కనీ. నాకూ ఇలాగ కాళ్ళు చాపుకుని కూచోవాలనుంటాది."

మృణాళిని మర్యాదకు నవ్వింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే డిజైన్ల కేటలాగు తెరిచి, గాజు జలపాతం, నల్లరాతి ఆసనాలు ఎంచి, ఆ రూపమే నిలిచి ఉండాలని యంత్రానికి ఆజ్ఞ వేసింది.

"ఇది మీ అభిరుచి కాదు" అంది దర్పణం. "అంతకన్నా బలమైన కోరిక కలిగితే నేను దీన్ని నిలబెట్టలేను."

"కలగదులే" అంది ఆమె విసుగ్గా.

మర్నాడు సాయంత్రం కమిటీ వచ్చింది. అధ్యక్షుడు నీలాచలంగారు జలపాతం ముందు నిలబడి మెచ్చుకున్నారు. "పక్కింటిదీ చూసేస్తే పనైపోతుందమ్మా. రెండూ వేరువేరైతే బాల్కనీల జోలికి రాం."

మృణాళినికి ఊపిరి తిరిగొచ్చింది. జలపాతం ఎక్కడ, వెదురు ఊయల ఎక్కడ? ధీమాగా పక్కింటి వైపున్న తెర తీసింది.

అక్కడ ఊయల లేదు. సిమెంటు నేల, తీగ మీద ఆరేసిన చీర, నీలం డ్రమ్ములో కరివేపాకు. పీట మీద కాళ్ళు చాపుకుని హంసవేణి మునగాకు దూస్తూ ఏదో రాగం తీస్తోంది. కమిటీ సభ్యులు అటే చూస్తూ నిలబడ్డారు.

ఆ వసారా తనది. నిన్న తనే వద్దనుకున్నది. ఇప్పుడు అంత అందంగా ఇంకేదీ కనిపించలేదామెకు. వెనక గాజు పగిలిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి జలపాతం కూలి, నేలంతా సిమెంటు రంగుకు తిరిగి, నీలం డ్రమ్ము మళ్ళీ లేస్తోంది.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నారు నీలాచలంగారు.

"ఇది మొదట నాదండీ. ఆవిడే నన్ను చూసి పెట్టుకుంది."

"ఆవిణ్ణడిగితే ఆవిడా అదే అంటుంది" అని ఆయన గుమ్మం వైపు కదిలారు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. దానియేలు ఏదో చెప్పబోయాడు గానీ మృణాళిని వినడం లేదు. ఆమె చూపు పిట్టగోడ అవతలే ఉంది. హంసవేణి డ్రమ్ము తనదానికన్నా కాస్త పెద్దది.

ఆ సంగతి ఆమె పూర్తిగా అనుకునేలోపే తన బాల్కనీలోని డ్రమ్ము ఉబ్బడం మొదలుపెట్టింది.