బస్సులు కనబడే బండ

“మీ తోటలో ఎవురూ కూర్చోరు సార్,” అంది నౌషీన్, పరిచయమైన తొలిరోజే.

పెనుకొండ దగ్గర పల్లెలో కడుతున్న ఆరోగ్య కేంద్రానికి ఆమె నర్సు, రహీమ్ ఆర్కిటెక్ట్. అతను హిందూపురం నుంచి రోజూ బైకు మీద వచ్చి, ఎండ చూసి, గాలి చూసి వేయించిన తోట అది. నందివర్ధనాలు, వాటికెదురుగా సిమెంటు బెంచీలు.

“పచ్చదనం చూస్తే బీపీ తగ్గుతుంది మేడం.”

“మీ బెంచీలు చూస్తే నాకు పెరుగుతాండాది.”

కేంద్రం తెరిచారు. బెంచీల మీద కాకులు వాలాయి. ముసలివాళ్ళంతా గేటు బయట మిగిలిన ఇసుక కుప్ప మీద ఎండలో కూర్చున్నారు.

“లోపల నీడుంది కదవ్వా?” అని వాళ్ళలో ఉన్న మునియమ్మను అడిగాడు రహీమ్.

“ఉండాది నాయనా. ఆడ కూర్చుంటే రోడ్డు కనపడదు. బస్సు దిగిందెవురో తెలీకుంటే పొద్దెట్ల పోతాది?”

వెనక నౌషీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. రహీమ్‌కు కోపం రావలసింది. నవ్వినప్పుడు ఆమె ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుందని గమనిస్తూ ఆ సంగతి మరిచిపోయాడు.

సాయంత్రం వాన ఇద్దరినీ వరండాలో నిలబెట్టింది.

“ఎందుకు కూర్చోరో ముందే చెప్పొచ్చు కదా?”

“మీరు అడగలా.” నౌషీన్ గొంతు తగ్గించింది. “మా నాయన ధర్మవరం బస్సు డ్రైవరు. రిటైరైనాడు. అమ్మ పోయినాక గడప దాటలా. కాళ్ళు పట్టేస్తాండాయి. నడవమంటే గోడ పక్కకు తిరిగి పండుకుంటాడు. హారను వినపడితే మాత్రం తల ఎత్తుతాడు. ఈడికన్నా వస్తాడేమో అనుకున్యా.”

అందులో నింద లేదు. అందుకే అది రహీమ్ మనసులో నిలిచిపోయింది.

పై అధికారులను ఒప్పించి, రోడ్డు వైపు ప్రహరీని మోకాలెత్తుకు దించాడు. దాని మీద నున్నటి రాతి బండలు పరిపించాడు. పైన కానుగ చెట్టు నీడ, ఎదురుగా రోడ్డు.

“ఏమబ్బా, గోడ కట్టేది కూర్చునేదానికా?” అన్నాడు మేస్త్రీ ఈశ్వరప్ప.

“దానికేనప్పా.”

ఒక ఉదయం నౌషీన్ భుజం పట్టుకుని వాళ్ళ నాయన గౌస్‌సాబ్ వచ్చాడు. బండ మీద కూర్చున్నాడు. ధర్మవరం బస్సు మలుపు తిరిగింది.

“మలుపులో అంత స్పీడా! ఎవుర్రా నీకు లైసెన్సు ఇచ్చింది?”

భార్య పోయాక ఆయన గొంతెత్తడం అదే మొదలు. నౌషీన్ పక్కకు తిరిగి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాత ఆయన కర్ర పట్టుకుని ఒక్కడే రాసాగాడు. బీపీ మిషను కూడా బండ దగ్గరికే వచ్చింది. “సుబ్బలక్ష్మమ్మ రాలేదేమి?” అని ఎవరో అంటే, నౌషీన్ ఆమె ఇంటికి వెళ్ళి చూసి వచ్చేది.

పని ముగిసినా రహీమ్ బైకు రావడం ఆగలేదు.

“ఇంకా ఎందుకొస్తాండారు సార్?”

“బండ బాగుందో లేదో చూడ్డానికి.”

“రాయి అది. ఏమైతాది?”

రహీమ్ హెల్మెట్ చేతుల్లో తిప్పాడు. “ఒకటి అడగాలి. ఈసారి కట్టకముందే అడుగుతున్నా. మనిద్దరం ఇల్లు కట్టుకుంటే, కిటికీ ఏ పక్క పెట్టాల?”

నౌషీన్, నాయన కూర్చున్న బండ వైపు చూసింది. గౌస్‌సాబ్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

“రోడ్డు పక్కకే పెట్టప్పా. నేనొచ్చినప్పుడు బస్సులు కనపడాల కదా.”

నౌషీన్ ఎడమ కన్ను చిన్నదయింది.