ఒక్క బైట్ తేడా

"మీ అక్క ఫోటో కూడా అందులోనే ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తాబేలు ఆవులింత సగంలోనే ఆగిపోయింది.

శత్రుదేశంలో మారుపేర్లతో పనిచేస్తున్న మనవాళ్లందరి ఫోటోలు, అసలు పేర్లు ఒకే ఫైల్లో ఉన్నాయి. దాన్ని నెమలి కాజేసింది. నెమలి అంటే నిన్నటిదాకా ఇదే ఆఫీసులో సిల్కు స్కార్ఫుతో తిరుగుతూ అందరి మతులూ పోగొట్టిన డబుల్ ఏజెంట్. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ దేశపు గూఢచారి ముఠా తన సర్వర్‌ను శాశ్వతంగా మూసేస్తుంది. ఈలోగా ఆమె ఫైలు పంపెయ్యాలి.

"వైరు పీకేస్తే పోలా సార్?"

"పాత వెర్షన్ అయితే పోయేది. ఆమె వాడేది వలంటీర్లు కలిసి ఉచితంగా రాసే ఓపెన్ సోర్స్ టూల్. మొన్ననే కొత్త వెర్షన్ వచ్చింది. వైరు పీకినా ఫోన్ నెట్ అందుకుని, ఆగినచోటి నుంచే పంపుతుంది. అప్పటికే వెళ్లిన ముక్కలు అవతల భద్రంగా ఉంటాయి. మీ అక్క మొదటి ముక్కలోనే ఉంది."

తాబేలు కుర్చీలోంచి లేచాడు.

చీఫ్ బల్లమీద ఒక ఏసీ రిమోట్, బఠాణీ గింజంత డాంగిల్ పెట్టాడు. "ఇది ఆమె లాప్‌టాప్‌కి గుచ్చు. రిమోట్ నొక్కు. ఫైల్లో ఒక్క బైట్, అంటే ఒక్క అక్షరమంత, మారుతుంది."

"అంతేనా? పేలేదేమీ లేదా సార్?"

"కొత్త వెర్షన్లో ఒక బగ్ కూడా సరిచేశారు. చివర్లో రెండువైపులా ఫైళ్లను పోల్చి చూస్తుంది. ఇసుమంత తేడా ఉన్నా అవతల చేరినదంతా తుడిచేస్తుంది. అప్పుడప్పుడు కొత్త వెర్షన్‌తో ఇచ్చే రిలీజ్ నోట్స్ కూడా చదవవయ్యా!"

హోటల్ గదిలోకి ఏసీ మెకానిక్ వచ్చాడు. నెమలి కిటికీ దగ్గర నిలబడి ఉంది. బల్లమీద లాప్‌టాప్ అరవై శాతం చూపిస్తోంది. రిమోట్ ఆ బల్లమీద పెట్టి, ప్లగ్గు వెతికే వంకతో అతను బల్ల వెనక్కి వంగాడు. ఆమె దృష్టి మళ్లించడానికి ఒక చెయ్యి నెట్ వైరు పీకింది, రెండో చెయ్యి డాంగిల్ గుచ్చింది.

"మీసం వంకరగా అతికించావు, తాబేలూ."

పిస్తోలు అతని నుదుటికి సూటిగా ఉంది. స్క్రీన్‌మీద అంకె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. నెమలి నవ్వింది.

"చూశావా? ఫోన్ అందుకుంది. చేతులు పైకెత్తు."

ఎత్తాడు. రిమోట్ బల్లమీదే ఉండిపోయింది. తొంభై శాతం. చిన్నప్పుడు తను చేసిన వెధవపనులన్నీ నెత్తిన వేసుకుని దెబ్బలు తిన్న అక్క. తాబేలుకు నిజంగానే ఏడుపొచ్చింది.

"కాల్చేదానివి ఎలాగూ కాలుస్తావు. ఈ ఉక్కలో మాత్రం చంపకు. ఆ ఏసీ వేసి పుణ్యం కట్టుకో."

"పాపం!" అంటూ నెమలి తనే రిమోట్ తీసి నొక్కింది. ఏసీ ఉలకలేదు, పలకలేదు. "నీ రిపేరు కూడా నీలాగే ఏడ్చింది."

వంద శాతం. నెమలి ముఖం వెలిగిపోయింది. అంతలోనే స్క్రీన్‌మీద ఎర్రటి గీత పడింది: ఫైళ్లు సరిపోలలేదు. అవతలి కాపీ తొలగించాం.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. సర్వర్ మూసుకుంది.

"ఈ చెకింగ్..." నెమలి మాట తడబడింది. "వలంటీర్లలో చేరి, వాళ్ల నమ్మకం కోసం నేనే రాశాను."

ఆమె స్క్రీన్ నుంచి చూపు తిప్పేలోగా పిస్తోలు తాబేలు చేతికొచ్చింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆమెకు ఇవేమీ తెలియవు.

"ఏం చేశావురా ఇవాళ?"

"ఏసీ రిపేరు అక్కా."

"ఇంట్లో ఫ్యాన్ బాగుచెయ్యమంటే ఏళ్లతరబడి నానబెట్టావు. నువ్వు ఏసీ బాగుచేశావా?"

"లేదక్కా," అన్నాడు తాబేలు కళ్లు తుడుచుకుంటూ. "పనిచెయ్యలేదు."