మల్లక్క గాజులు

మల్లక్క గాజుల దగ్గర దొరికిపోయింది.

వీడియోలో రెండు చేతులు జొన్నరొట్టె తడుతున్నాయి. రొట్టెకు వంక పెట్టడానికి లేదు. గుండ్రంగా, పల్చగా సాగుతోంది. చేతులనిండా ఎర్రగాజులు. అవి పిండిలో పొర్లి గలగలమంటున్నాయి.

కర్నూలులో కూర్చుని చూస్తున్న పద్మశ్రీ కనుబొమలు ముడిపడ్డాయి. రొట్టె తట్టే ఏ ఆడమనిషైనా ముందు గాజులు మోచేతి వైపు ఎగదోసుకుంటుంది కదా!

‘వంటింటి కబుర్లు’ ఆడవాళ్ల ఆన్‌లైన్ గ్రూపు. పద్మశ్రీ దానికి అడ్మిన్. వంట సందేహం తీర్చినవాళ్లకు పాయింట్లు, పాయింట్లలో ముందున్నవాళ్లకు బహుమతి. పోయినసారి ఎవడో ఆడవాళ్ల పేర్లతో దొంగ ఖాతాలు తెరిచి కుక్కర్ కొట్టేశాడు. అప్పటి నుంచి చేతులు కనిపించే వీడియో పంపితేనే బహుమతి. ఈసారి మిక్సీ ఆత్మకూరు మల్లక్కది.

మిక్సీ పోతే పోయింది. ఇన్నాళ్లూ మెసేజీల్లో తన మనసులో మాటలన్నీ మల్లక్కకే చెప్పుకుంది పద్మశ్రీ. ఆమె సలహా మీదే బెంగళూరు డాక్టర్ సంబంధం కూడా వద్దంది. అదీ అసలు భయం!

మొదటిసారి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, గాజులు యాడ కొన్నావు?"

అవతల దగ్గు. ఆ వెనకే మగగొంతు. "పాత బస్టాండు కాడ, మేడం."

"ఎవరప్పా నువ్వు?"

"వీరేంద్ర. ఈడ రొట్టెల అంగడి నాది. మల్లక్క మా అమ్మ. ఆమెకు టైపు రాదు. ఆమె చెప్తాది, నేను రాస్తా. అమ్మ ఊరికి పోయినప్పుడే మీరు వీడియో అడిగితిరి, నేనే గాజులేసుకుంటి..."

"నా సంగతులన్నీ చదివినావా?"

"చదివినా." గొంతు చిన్నబోయింది. "మగోడినని చెప్తే మాట్లాడరని భయపడినా."

"మీ అమ్మను తెచ్చి నా ముందర నిలబెట్టు. అంతవరకూ ఒక్క ముక్క నమ్మను!"

ఫోన్ పెట్టేసి గ్రూపులో మల్లక్క ఖాతా మూసేసింది. ఆ రాత్రే అతని నుంచి ఆమె ఫోన్‌కు మెసేజీ: ‘గ్రూపులో పెట్టండి. పేరు మా అమ్మది, వేళ్లు నావి. తప్పు నాదే. మిక్సీ వద్దు.’ కింద తన ఫొటో కూడా. పద్మశ్రీ పెట్టింది. ఫొటో మాత్రం అవసరానికి మించి రెండుసార్లు చూసింది.

ఆదివారం చినుకుల్లో తల్లీకొడుకులు గుమ్మంలో దిగారు.

"ఈడు నా కొడుకేలేమ్మా," అంది మల్లక్క చెంగుతో తల తుడుచుకుంటూ. "అదొక్కటి మటుకు ఒరిజినల్."

"మరి డాక్టర్ను వద్దనమన్నది నువ్వేనా పెద్దమ్మా?"

"నేనా? బంగారట్లా పిల్లోడు, కండ్లు మూసుకొని చేసుకోమంటి గదా!"

ఇద్దరూ వీరేంద్ర వైపు తిరిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అదొక్కటే మార్చి రాసినా."

"ఎందుకప్పా?"

"మీరు ఆయన్ను చేసుకొని పోతే, ఆ గ్రూపులో నాకేం పని?"

"ఓరి దొంగనాయాలా!" మల్లక్క అతని నెత్తిన ఒక్కటేసింది.

పద్మశ్రీ నవ్వును చున్నీలో దాచుకుంది. "నీ పాయింట్లన్నీ రద్దు. ఇప్పుడు నీకుండాది సున్నా."

"సున్నా ఉండాదంటే, ఖాతా తెరిచినట్టే గదా మేడం!"

పద్మశ్రీ కాదనలేదు. లోపలికి తిరిగి, "అమ్మా, ఇంకో ఇద్దరికి కాఫీ పెట్టు" అని కేకేసింది.