సినిమా బాగలేదు, తాటివనం బాగున్నది

తెర మీద పేర్లు చీమల బారు లెక్క పైకి పోతున్నయి. సినిమా అయిపోయిందని సగం మంది అప్పటికే గేటు దిక్కు నడిచిన్రు. శైలేందర్ మాత్రం కుర్చీ కొసకు జరిగి, ఊపిరి బిగబట్టి తెర దిక్కే చూస్తున్నడు.

"ఎప్పుడొస్తదిరా నీ పేరు?" పక్క కుర్చీల నుంచి తల్లి చంద్రవ్వ అడిగింది.

"ఆగవే అవ్వా. వస్తది."

ఆ సినిమా 'గగన రక్షక్'. వందల కోట్లు పెట్టి తీసిన సూపర్ హీరో సినిమా. దానికి గ్రాఫిక్స్ చేసిన హైదరాబాద్ స్టూడియోల శైలేందర్ ఒక ఆర్టిస్టు. మొదటిసారి తన పేరు తెర మీద పడుతున్నదని అవ్వనూ బాపునూ అక్కన్నపేటల బస్సెక్కించి సిద్దిపేటకు తోల్కొచ్చిండు. పొద్దుగాల చెట్లెక్కి కల్లు దించి వచ్చిన బాపు పర్శరాములు, పెండ్లికి పోయినట్టు ఇస్త్రీ ధోతి కట్టిండు.

సరిగ్గా అప్పుడే ముందు వరుసల ఒక పిల్ల లేచి నిలవడ్డది. తెరకు వీపు పెట్టి, ఫోను ఎత్తి పట్టుకొని మొదలుపెట్టింది.

"నమస్తే సిద్దిపేటా! సినిమా చూసిన. ఇంకా బతికే ఉన్న..."

"మేడం, జర కూసోండ్రి!" శైలేందర్ అరిచిండు.

"సినిమా అయిపోయింది గదా?"

"మాకు ఇప్పుడే మొదలైంది!"

ఆ పిల్ల బీరిపోయి అటో ఇటో జరిగేలోపల పేర్లు పైకెళ్లిపోయినయి. లైట్లు పడ్డయి. తెర తెల్లగయింది.

"వచ్చిందారా?" అడిగింది చంద్రవ్వ.

"వచ్చింది, పోయింది."

"నాకు కనవడలే కొడుకా."

"ఎట్ల కనవడ్తది? మేడం గారి తల అడ్డమొచ్చింది."

ఆ పిల్ల ముఖం ఎర్రగయింది. "ఏం వచ్చింది? ఏం పోయింది?" అన్నది మెల్లగ.

"నా పేరు," అన్నడు శైలేందర్. ఇంకో మాట వినకుండ అవ్వ చెయ్యి పట్టుకొని బయటకు నడిచిండు.

పొద్దూకినంక స్టూడియో దోస్తు కర్ణాకర్ ఒక వీడియో పంపిండు. 'మీ సిద్దిపేట పిల్లనే, మన సినిమాను ఉతికి ఆరేసింది' అని రాసిండు. తెరిస్తే థియేటర్ల అడ్డం నిలవడ్డ పిల్లనే. పేరు సంహిత. అక్కన్నపేట దిక్కు ఊర్లల్ల వ్యవసాయ విస్తరణ అధికారి. సెలవు దినాల్ల సినిమాల మీద ముచ్చట్లు చెప్పుడు ఆమె సరదా.

"మళ్ళ ఆకాశంలకెళ్లి నీలం లైటు పడ్డది," అంటున్నది సంహిత. "మళ్ళ పట్నం కూలింది. మళ్ళ గాయనే ఎగురుకుంట వచ్చిండు. మా ఇంట్ల చిక్కుడుకాయ కూర మూడు పూటలు వండితెనే మా నాయిన పళ్ళెం నూకేస్తడు. వీళ్ళు పదేండ్ల సంది గదే కూర పెడ్తున్నరు, గిన్నె మాత్రం ప్రతిసారి పెద్దగ చేస్తున్నరు. ఆయన సస్తడని భయం లేదు, బతుకుతడని సంబురం లేదు. ఇగ నేనెందుకు ఏడ్వాలె?"

శైలేందర్‌కు కోపం రావాలె. నవ్వొచ్చింది. ఆమె చెప్పిన ప్రతి మాట తనూ లోపల లోపల అనుకున్నదే. స్టూడియోల చేరిన సంది మేడలు కూల్చుడు, బస్సులు గాల్లెకు లేపుడు, ఇదే పని. నిలవెట్టిన మేడ ఒక్కటి లేదు.

"కానీ ఒక్క ముక్క చెప్పాలె," గొంతు తగ్గించింది సంహిత. "హీరో చిన్నప్పటి ఊర్ల గాలివానకు తాటివనం ఊగుతది. చూసిన్రా? గాలి ముందు మట్టలకు తగిలి, మొద్దు చివరికి వణుకుతది. గ్రాఫిక్స్ అంటే నేను నమ్మను. గా చెట్ల కింద నిలవడ్డోడే చెయ్యాలె గది. ఎవలు చేసిన్రో గానీ, అన్నా, నీకు దండం."

శైలేందర్ ఫోను గుండెల మీద పెట్టుకున్నడు. ఆ తాటివనం తనదే.

వీడియో ఆఖర్ల ఆమె ముఖం మళ్ళ ఎర్రగయింది. "ఇయ్యాల థియేటర్ల ఒకాయన పేరుకు అడ్డం నిలవడ్డ. తప్పు నాదే. వచ్చే ఆదివారం మ్యాట్నీకి వాళ్ళకు టికెట్లు నేను తీస్త. ఆయన కోపం ఇంట్లనే పెట్టి రావాలె, వాళ్ళ అవ్వను మాత్రం తోల్కరావాలె."

"పోదామా అవ్వా?" అడిగిండు శైలేందర్.

"పోదాం గానీ, మధ్యల కొట్లాట అప్పుడు నేను పండుకుంటరా," అన్నది చంద్రవ్వ.

ఆదివారం సంహిత గేటు కాడనే నిలవడి ఉన్నది. శైలేందర్ బిగుసుకొని పోతుంటే, "సార్, కోపం లోపలికి తెస్తే దానికి గూడ టికెట్ తీయాలె," అన్నది. పర్శరాములు పకపక నవ్విండు. శైలేందర్ నవ్వద్దని శానా కష్టపడ్డడు.

లోపల తెర మీద తాటివనం వచ్చింది. గాలి లేచింది. మొన్న కునుకుల పడి ఇది చూడని పర్శరాములు ఈసారి కుర్చీల నుంచి సగం లేచి, "గది మన వనమే గదరా! గా వంగిన చెట్టు నేను రోజు ఎక్కేదే గదా!" అని ఒక్క కేక పెట్టిండు. థియేటరంత అటు తిరిగింది.

సంహిత శైలేందర్ దిక్కు తిరిగింది. "గది మీరు చేసిందా?"

"ఊ."

"మరి మొన్న తిట్టుకుంట పోయిన్రు గదా, ఒక్క మాట చెప్పద్దా?"

"మొన్న మీరు పొగడలే."

"పొగిడితెనే చెప్తరా?"

"పొగిడినోళ్ళకే చెప్తరు మేడం. మా ఊర్ల అట్లనే."

సినిమా అయిపోయి పేర్లు మొదలైనయి. లైట్లు జర ఆగి వెయ్యాలని ఆపరేటర్‌ను సంహిత ముందే బతిమాలింది. ఇంగ్లీషుల అతని పేరు రాంగనే ఆమె చంద్రవ్వ దిక్కు వంగి వేలు పెట్టి చూపింది. "గదిగో అమ్మా! గా నడిమిట్లది! శైలేందర్!"

చంద్రవ్వకు చదువు రాదు. వేలు చూపిన దిక్కే కండ్లార చూసింది. పేరు తెర దాటినంక, "పైకి పోయింది. నా కొడుకు ఇంకా పైకి పోతడు," అని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

బయట వాన దంచుతున్నది. హోటల్ రేకుల కింద నలుగురు ఛాయ్ పట్టుకొని నిలవడ్డరు. సంహిత జుట్టు మీద వాన చుక్కలు నిలిచినయి. వాటి మీద లైటు ఎట్ల పడుతున్నదని శైలేందర్ చూస్తున్నడు. తనకు తను పని కోసమే చూస్తున్నట్టు చెప్పుకున్నడు.

"ఏం చూస్తున్నరు?"

"వాన."

"వాన అటు పడుతున్నది సార్."

పర్శరాములు ఛాయ్ గ్లాసు అడ్డం పెట్టుకొని నవ్విండు.

ఆ తర్వాత శైలేందర్ ప్రతి ఆదివారం ఇంటికి రావట్టిండు. "పిల్లగానికి ఊరి మీద పాణం ఎక్కువయింది," అని చంద్రవ్వ మురిసింది. ఊరి మీద కాదని పర్శరాములుకు ఎరుకే. ఆ పిల్లగాడు సిద్దిపేటల దిగి, కోమటి చెరువు కట్ట మీద గంటలు గంటలు ముచ్చట పెట్టి, ఆఖరి బస్సుకు ఇల్లు చేరుతుండు.

ఒకరోజు స్టూడియో ఓనరు శైలేందర్‌ను పిలిచిండు. 'గగన రక్షక్' రెండో భాగం వస్తున్నది. తాటివనం చేసినోనికి టీం లీడర్ పోస్టు ఇద్దామనుకుంటున్నడు. శైలేందర్‌కు గుండె ఎగిరింది.

"ఒక్కటే," అన్నడు ఓనరు. "ఆ సిద్దిపేట అమ్మాయి వీడియో ఊరూరికి పోయింది. నిర్మాతకు మండుతున్నది. నీకు తెలిసిన అమ్మాయే అంట గదా. తీసేయమని చెప్పు. చిన్న పని."

"చెప్పను సార్."

"అడిగి చూడరాదు?"

"అడగను గూడ అడగను."

పోస్టు కర్ణాకర్‌కు పోయింది. శైలేందర్ ఆదివారం వచ్చి, ఎప్పటి లెక్క నవ్వి, ఎప్పటి లెక్క బస్సెక్కిండు. ఏం చెప్పలే. తన చేతికొచ్చిన పోస్టు ముల్లయి గుచ్చుతుంటే ఆగలేక, కర్ణాకరే సంహితకు ఫోన్ చేసి చెప్పిండు.

మరుసటి ఆదివారం కట్ట మీదికి సంహిత కోపంగ వచ్చింది. చెరువు మీద మబ్బు కమ్మింది.

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె?"

"ఏం తెలువనట్టు మాట్లాడకు!" 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆమెకు తెలువలే. అతనికి తెలిసింది. "ఇగో, ఇప్పుడే తీసేస్త. ఒక్క వీడియో. పోతే పోయింది." ఫోను తీసింది.

శైలేందర్ ఆమె ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టిండు. "తీసేస్తే నాతోని మాట్లాడకు."

"నీకు పోస్టు కావాల్నా వద్దా?"

"కావాలె. శానా కావాలె. నీ మాట మింగిపిచ్చి తెచ్చుకునేది మాత్రం వద్దు."

"సినిమా బాగలేదన్న మాట కోసం గింత మొండితనమా?"

"సినిమా బాగలేదన్న నోటితోనే తాటివనం బాగున్నదన్నవు. భయపడి ఒకటి తీసేస్తే, ఇంకోటి ఎట్ల నిలుస్తది? మా బాపు వనాన్ని నిజమన్నవు. గది నిజంగనే ఉండాలె నాకు."

సంహిత ఫోను సంచిల పెట్టింది. ఆమె చెప్పిన మాటను ఎవలూ ఇంత జాగ్రత్తగ పట్టుకోలే ఇప్పటిదాకా. చుక్క చుక్క వాన మొదలైంది. ఇద్దర్ల ఎవలూ కదలలే.

"గంతేనా కారణం?" అన్నది.

"ఇంకోటున్నది."

"చెప్పు."

"తిట్టినా పొగిడినా, ఆ మాటలు రోజు వినాలని ఉన్నది. ఆదివారం ఒక్కనాడే సరిపోతలేదు."

"వాన పెద్దగయితున్నది," అన్నది సంహిత.

"జవాబు చెప్పు."

"జవాబుకే తడుసుకుంట నిలవడ్డ. కనవడ్తలేదా?"

ఆ రాత్రే సంహిత ఇంట్ల సంగతి అంత చెప్పింది. ఆమె తండ్రి సుధాకర్‌కు వరి, పత్తి భూములున్నయి, సిద్దిపేటల ఎరువుల దుకాణం ఉన్నది. పది మందిల పలుకుబడి ఉన్న మనిషి. "కల్లు గీసేటాయన కొడుకా? బొమ్మలు గీస్తడా?" అని ఒక్క మాట అడిగి, మళ్ళ నోరు తెరవలే. నాలుగు దినాలు ఇల్లంత మూగనోము పట్టింది. ఐదో దినం పొద్దుగాల బిడ్డను కారెక్కమని, అక్కన్నపేట దిక్కు తిప్పిండు.

కారు చూసి పర్శరాములు చెట్లెక్కే మోకు భుజాన ఉండంగనే ఎదురొచ్చిండు. ఆ వారం సెలవు పెట్టి ఊర్లనే ఉన్న శైలేందర్ గడపల నిలవడి పోయిండు. చంద్రవ్వ గబగబ మంచం వాల్చింది.

"కూసో పటేలా," అన్నడు పర్శరాములు. తల దించలే. "మా పిల్లగానిది ఏమన్న తప్పుంటే నాకు చెప్పు. లేదంటే వాన్ని తిట్టుడు నేను ఒప్పుకోను."

సుధాకర్ మంచం మీద కూసున్నడు. చెంబుల నీళ్ళు ఒక్క దమ్ముకు తాగిండు.

"అన్నా, నా బిడ్డది చిన్నప్పటి సంది గట్టి నోరు. బడిల సార్లు ఊకో అన్నరు. ఆఫీసుల పెద్దలు ఊకో అన్నరు. ఇంట్ల నేనే శానసార్లు ఊకో అన్న." ఆయన చెంబు కింద పెట్టిండు. "ఒక్క మాట ఊకోమంటే పెద్ద కుర్చీ ఇస్తమన్నా, ఊకో అననోడు నీ కొడుకొక్కడే. నాలుగు దినాలు ఆలోచన చేసిన. ఇంతకంటె మంచి సంబంధం నేను తేలేను."

పర్శరాములు ఛాతీ పొంగింది. "వానికి చెట్టెక్కుడు రాదు పటేలా. మాట మీద నిలవడుడు మాత్రం వచ్చు."

"పటేలా అనకు ఇగ," అన్నడు సుధాకర్. "బావా అను."

ఆ చిన్న మాట అనెటందుకు పర్శరాములుకు జర సేపు పట్టింది. ఆఖరికి "బావా" అన్నడు. సుధాకర్ లేచి ఆయన చెయ్యి పట్టుకున్నడు.

శైలేందర్ సంహిత దిక్కు చూసిండు. ఆమె నవ్వుతున్నది, కండ్లల్ల నీళ్ళు గూడ ఉన్నయి. ఇంతల చంద్రవ్వ వాకిట్లకు ఉరికి, గోడ మీది నుంచి పక్కింటామెను కేకేసింది.

"ఓ సాయవ్వా! ఇటు రాయే! మాకు ఆఫీసరు కోడలు వస్తున్నది! దునియా మొత్తం ఒక దిక్కున్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్ల!"

సంహిత సిగ్గుపడి చంద్రవ్వ కొంగు పట్టుకున్నది. "అత్తమ్మా, రేపు నా నోరు ఎక్కువైందని మీరు గూడ ఊకోమనరు గదా?"

చంద్రవ్వ ఆమె గదవ పట్టుకొని పకపక నవ్వింది.

"నువ్వు ఊకుంటే నాకు పొద్దెట్ల పోతది బిడ్డా?"