తిరిగొచ్చిన ఐజాక్

శుక్రవారం మధ్యాహ్నం క్లాసంతా పెయింటు వాసన. ఆదివారం యుద్ధవీరుల స్మరణ దినం. లిడ్‌కట్ ఊరి చర్చి ఆవరణలో ఉన్న స్మారక స్తంభం ముందు పిల్లలు తలా ఒక చిన్న చెక్క శిలువ గుచ్చాలి. దానిమీద మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ ఊరివాళ్ళలో ఒకరి పేరు రాయాలి.

హెస్టర్ శిలువ మాత్రం ఖాళీగా ఉంది. ఆమెది కొండకి అవతలున్న కూంబ్ ఆష్. రెండూళ్ళకీ కలిపి ఒకటే బడి. కూంబ్ ఆష్ నుంచి యుద్ధానికి వెళ్ళినవాళ్ళందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. అందుకే అక్కడ స్తంభమూ లేదు, దానిమీద పేర్లూ లేవు. మా వైపు పెద్దవాళ్ళు దాన్ని అదృష్టమంటారు. కానీ అందరూ పేర్లు రాసుకుంటుంటే కుంచె పట్టుకుని ఊరికే కూర్చోవడం పదేళ్ళ పిల్లకి అదృష్టంలా ఎలా అనిపిస్తుంది?

పక్కన కూర్చున్న బార్నబీది లిడ్‌కట్. స్తంభంమీద వాళ్ళింటి పేరే రెండుసార్లుంది. వాడు తన శిలువని ఊదుకుంటూ, "మీ ఊరోళ్ళు యుద్ధానికని వెళ్ళి గడ్డివాములో దాక్కున్నారటగా" అన్నాడు.

హెస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చింది అనేసింది.

"మా తాత వాళ్ళ తాత ఫ్రాన్సులో చనిపోయాడు. ఐజాక్ స్పర్వే. కావాలంటే రాస్తా చూడు."

మరి స్తంభంమీద ఆ పేరెందుకు లేదని బార్నబీ అడిగాడు. చెక్కినవాళ్ళు మర్చిపోయారంది హెస్టర్. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి కావాల్సొచ్చింది.

టీచర్ మిసెస్ వీల్ ఈ మధ్యే బ్రిస్టల్ నుంచి వచ్చింది. మా ఊళ్ళ సంగతులు ఆవిడకింకా తెలియవు. మాట చెవిన పడగానే ఆవిడ మొహం మారిపోయింది. ఒక వీరుడి పేరు ఇన్నేళ్ళు మర్చిపోవడమా అంటూ బాధపడింది. స్తంభంమీద చెక్కించమని పాస్టరుగారితో మాట్లాడతానంది. ఆదివారం అందరికంటే ముందు హెస్టరే నిలబడి ఆయన గురించి చెప్పాలని కూడా అంది.

ఆ సాయంత్రం తాత వంటింట్లో ఆపిల్స్ చెక్కు తీస్తున్నాడు. హెస్టర్ శిలువని వెనక దాచుకుని నిలబడింది. తాత చెయ్యి చాపాడు. ఇవ్వక తప్పలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మొదట నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"అంత కష్టపడి బతికొచ్చిన మనిషిని నువ్వు చంపేశావా, హెస్టీ?"

హెస్టర్ ఏడ్చేసింది. బార్నబీ అన్న మాటా, తన అబద్ధమూ, టీచర్ పాస్టరుగారితో మాట్లాడతాననడమూ అన్నీ చెప్పేసింది. తాత కత్తి పక్కన పెట్టి ఆమెని దగ్గరికి తీసుకున్నాడు.

ఐజాక్ ఒక చేతికి మూడు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడట. స్టేషన్ నుంచి నడిచొచ్చి తలుపు కొడితే, గడ్డం పెరిగిన ఆ మొహాన్ని కన్నతల్లే గుర్తుపట్టలేదట. ఎవరో బిచ్చగాడనుకుని, రొట్టె పెడతాను, వెనక గుమ్మానికి రమ్మందట.

"ఆయన రాకపోయుంటే నేను లేను, మీ అమ్మ లేదు, ఈ అబద్ధం చెప్పడానికి నువ్వూ లేవు" అన్నాడు తాత.

"మరి దాక్కున్నారంటే నేనేం చెప్పాలి?"

తాత శిలువని బల్లమీద పెట్టాడు. ప్రతి నవంబరులో ఐజాక్ కొండ దాటి లిడ్‌కట్ వెళ్ళేవాడని చెప్పాడు. చిన్నప్పుడు తాతనీ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. స్తంభంమీద ఒకే పేరు దగ్గర ఆగి, మిగిలిన రెండు వేళ్ళతో దాన్ని తడిమేవాడు. ఏమస్ క్రీడ్, లిడ్‌కట్ కుర్రాడు. ఇద్దరూ ఒకే రోజు పటాలంలో చేరారు. ఒకరు వచ్చారు, ఒకరు రాలేదు. ఏమస్‌కి పెళ్ళి కాలేదు, వెనక ఎవరూ లేరు. ఐజాక్ పోయాక తాత వెళ్ళేవాడు. మోకాళ్ళు మొరాయించాక అదీ మానేశాడు.

"ఎవరూ వెళ్ళట్లేదా ఇప్పుడు?" అంది హెస్టర్.

తాత తల అడ్డంగా ఊపాడు.

ఆదివారం పొద్దున గడ్డిమీద మంచు పడివుంది. అందరి కోట్లకీ యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా ఎర్ర గసగసాల పువ్వులు. చర్చి గోడ పక్క కుర్చీలో తాత కూర్చున్నాడు. మిసెస్ వీల్ పిలవగానే హెస్టర్ ముందుకు వెళ్ళింది. రాత్రంతా అనుకున్న మాటలు సగం మర్చిపోయింది.

"నేను అబద్ధం చెప్పాను టీచర్. ఐజాక్ స్పర్వే చనిపోలేదు. ఇంటికొచ్చాడు. ఆయన పేరు చెక్కక్కర్లేదు."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మిసెస్ వీల్ మొహం ఎర్రబడింది. అయినా హెస్టర్ వెనక్కి రాలేదు. జేబులోంచి శిలువ తీసింది. పాత పేరు గీకేసిన చోట ఇప్పుడు ఏమస్ క్రీడ్ అని ఉంది. స్తంభంమీద ఆ పేరు ఉన్న వైపుకి వెళ్ళి, దాని కింద తడిమట్టిలో గట్టిగా గుచ్చింది.

మిసెస్ వీల్ దగ్గరికొచ్చి, అతను నీకేమవుతాడమ్మా అని మెల్లిగా అడిగింది.

హెస్టర్ తలెత్తింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"మా తాత వాళ్ళ తాతకి స్నేహితుడు. ఏటా ఐజాకే ఈయన కోసం వచ్చేవాడు. ఇప్పుడు నేనొచ్చాను."

గోడ పక్క తాత కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పులున్నా మళ్ళీ కూర్చోలేదు. ఆయన మొహంలో అంత గర్వం ఆ ఊరివాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు.

వరసలో హెస్టర్ నిలబడాల్సిన చోట బార్నబీ ఉన్నాడు. వాడు పక్కకి జరిగి చోటిచ్చాడు.